మిరేయ్ మిస్ రేకుపిట్టలు

శుక్రవారం బిర్యానీ తిన్నాక రేకు డబ్బా కడుగుతుంటే అది చేతిలో కరకరమంటుంది. ఆ చప్పుడుకు మిరేయ్ మిస్ గుర్తొస్తుంది. ఒళ్ళు ఎంత హూనమైనా పారేయబుద్ధి కాదు. జిడ్డు పోయేదాకా తోమి, ఆరబెట్టి సంచిలో వేస్తాను. గల్ఫ్‌లో మేముండే అబూ హమూర్ అనే పేటలో, ఒక బడిలో నేను చిన్నపిల్లల తరగతికి ఆయాను. ఆమె అక్కడ బొమ్మలు చేయడం నేర్పే టీచరు. ఆమెది హైతీ, కరీబియన్ దీవుల్లో ఒక దేశం. "దుబాయ్‌ల గా దేశపోల్లు గూడ ఉంటరా?" అని మా అమ్మ ఫోన్లో అడిగితే, ఇది దుబాయ్ కాదని మళ్ళీ చెప్పే ఓపిక లేక ఉంటారనే అన్నాను.

వాళ్ళ దేశంలో కమ్మరులు ఖాళీ ఆయిల్ డ్రమ్ములను కాల్చి, కోసి, సాపు చేసి, ఉలితో పిట్టలనూ చేపలనూ మలుస్తారట. పసిపిల్లలకు ఉలి ఇవ్వలేం కదా, అందుకని ఆమె బిర్యానీ డబ్బాల అడుగులు కత్తిరించి, సిరా అయిపోయిన పెన్నుతో వాటిమీద గీయించేది. వేళ్ళు తెగకుండా అంచులకు టేపు వేయడం, డబ్బాలు పోగుచేయడం నా పని. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన వంటింట్లో ఆ కుప్ప చూసి, "ఇల్లంత చెత్త జమజేస్తున్నవ్, పైత్యం లేసిందా?" అని విసుక్కునేవాడు. ఒకనాడు డ్రమ్ము రేకుతో చేసిన పిట్ట ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "మా సైటుల గిసొంటి డ్రమ్ములు స్క్రాప్‌ల పోతయ్" అన్నాడు. తరువాత తోటివాళ్ళు తిన్న డబ్బాలు కూడా తనే తెచ్చాడు.

తరగతిలో పని మొదలుపెట్టే ముందు మిరేయ్ మిస్ కథ చెప్పేది. వాళ్ళ ఆచారం ప్రకారం చెప్పేవాళ్ళు "క్రిక్?" అని అడగాలి, వినేవాళ్ళు "క్రాక్!" అనాలి. పిల్లలు గొణిగితే చాలదు. గట్టిగా అనేదాకా ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది. మా నానమ్మ కూడా ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేదని నోరు జారాను. ఇక నా పని పట్టింది. వెనక కూర్చుని ఊఁ కొట్టడం కూడా నా డ్యూటీ అయింది. నేను కునికితే కథ ఆగిపోయేది. పిల్లలందరూ నావైపు తిరిగేవారు. కొన్ని రోజులు ఆమె మీద నిజంగా కోపం వచ్చేది.

ఆ ఏడు వాళ్ళ దేశం నుంచి అన్నీ చెడ్డ వార్తలే, ముఠాల కాల్పులు, తగలబడ్డ ఇళ్ళు. బడిలో జరిపిన హైతీ వారం చివరిరోజు, తల్లిదండ్రులు పిల్లల పని ప్రదర్శన చూడడానికి వచ్చే ఉదయం సూపర్‌వైజర్ మేడమ్ రేకుపిట్టల పక్కన ఒక చందా డబ్బా, ఏడుస్తున్న పిల్లవాడి ఫోటో పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. మిరేయ్ మిస్ ఆ ఫోటోను అక్కడినుంచి తీసేసి మేడమ్ చేతికిచ్చింది.

"వారమంతా పిల్లలు మావాళ్ళ చేతిపని చూశారు మేడమ్. ఇప్పుడు చాచిన చెయ్యి చూపించకండి. డబ్బా గేటు దగ్గర పెట్టుకోండి."

మేడమ్ ముఖం మాడ్చుకుంది. డబ్బా మాత్రం గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ తరువాత సామాన్ల గదిలో మిరేయ్ మిస్ కింద కూలబడింది. చెల్లెలి ఫోన్ కలవడం లేదని చెప్పింది. నావైపు చూసి మెల్లగా "క్రిక్?" అంది. ఊఁ అన్నాను. చెల్లెలి గురించి, ఆమె ఇంటి గురించి చెబుతూ ఏడ్చింది. నేను ఊఁ కొడుతూ పోయాను. అంతకుమించి నాకేం చేతనవును?

కాంట్రాక్టు అయిపోగానే ఆమె చెల్లెల్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఎందరు వద్దన్నా వినలేదు. కొన్నాళ్ళకు నా మెసేజీలు ఆమెకు చేరడం మానేశాయి. ఈసారి మేడమ్ హైతీ వారం తీసేద్దామంది, చెప్పేవాళ్ళు లేరు కదా అని. నేను చెబుతానన్నాను. ఆయా పాఠం చెప్పడమేమిటన్నట్టు చూసి, ఒక్క రోజుకు ఒప్పుకుంది.

మంగళవారం "క్రిక్?" అన్నాను. పిల్లలు తెల్లముఖం వేశారు. "క్రాక్" అనాలని నేర్పి, మళ్ళీ అడిగి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఎట్టకేలకు తరగతి దద్దరిల్లేలా అరిచారు. ఆ అరుపు రికార్డు చేసి, చేరుతుందో లేదో తెలియకపోయినా ఆమెకు పంపాను.

ఈ ఉదయం జవాబుగా వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎక్కడో కోడి కూస్తోంది, ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుతున్నారు, అందులో ఒక నవ్వు ఆమెదే. తరువాత ఆమె గొంతు, ఒక్క మాటే.

"ఊఁ."