బోణీ అయ్యేదాకా

ఆ ఉదయం భిలాయి పవర్ హౌస్ బజార్లో ఒక కిరాణా కొట్టుకి బోణీ చేసింది, పార్కింగ్ చలాన్ల మీద అభ్యంతరాలు వినే అధికారి. కొన్నది ఒక బిస్కెట్ ప్యాకెట్టు. ఆయన ఇచ్చిన నోటుని కొట్టు పెద్దాయన కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. మరుక్షణం అదే గల్లాలోంచి డబ్బు తీసి నా మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆమె బండెక్కి వెళ్లిపోయింది. అధికారి ప్యాకెట్టు చేత్తో పట్టుకుని, బండి ఖాళీ చేసిన జాగా వైపు కాసేపు చూశాడు. పక్కనున్న కానిస్టేబులుతో నాకు వినపడేంత గట్టిగానే హిందీలో అన్నాడు: "అయితే ఆ అమ్మాయి చెప్పింది నిజమేనన్నమాట."

నేను రోడ్డుకి ఇవతల టీ బండి దగ్గర ఉన్నాను. కొట్టు ఛాయలకి రావద్దని పెద్దాయన నాకు ముందే చెప్పాడు. ఎందుకో తర్వాత చెబుతాను.

నా మేనకోడలు భిలాయిలోనే పుట్టింది. మా బావ ఉక్కు ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. మరోదా సెక్టారులో వాళ్లిల్లూ మా ఇల్లూ దగ్గరే. తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని కోపం వస్తే హిందీలోకి దూకేస్తుంది. బ్యాంకు లోను మీద చిన్న గూడ్స్ బండి కొనుక్కుని, పక్క ఊరు కుమ్హారిలోని ఒక గోడౌను నుంచి సబ్బులు, నూనె ప్యాకెట్లు, బిస్కెట్లు తెచ్చి పవర్ హౌస్ కొట్లకి దింపుతుంది. ఆ బజార్లోకి సరుకు బండ్లని పొద్దున్న పూటే రానిస్తారు. దింపుకోవడానికి గీతలు గీసిన జాగాలో అరగంట ఆగొచ్చు. దింపడం ఇంకా సాగుతుంటే తప్ప, అది దాటితే ఫోటోతో సహా చలాను ఫోనుకే వచ్చేస్తుంది. అలాంటివి మూడు ఖాయమైతే బజారు పాసు రద్దు. పాసు పోతే ఆ బండిని ఇంటి ముందు పెట్టుకుని చూసుకోవడమే.

దింపడానికి ఆమెకి పట్టే సమయం చాలా తక్కువ. కొట్టు పెద్దాయన కూడా మనిషి మంచివాడు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. పెట్టెలు దించుతుంటే తనూ ఒక చెయ్యి వేస్తాడు. చిక్కంతా ఆ తర్వాతే. బోణీ కాకుండా గల్లాలోంచి రూపాయి బయటికి తియ్యడు. ఆమె డబ్బు తీసుకోకుండా కదిలితే గోడౌను వాళ్లు ఆ సరుకు ఆమె లెక్కలో వేస్తారు. అందుకని ఖాళీ బండి పక్కన నిలబడి, ఎవరైనా వచ్చి ఏదైనా కొంటారా అని రోడ్డు వైపు చూస్తుంటుంది.

డబ్బు ఫోన్లో పంపించమని నేనొకసారి అడిగాను.

"ఫోన్లో పంపితే మాత్రం ఏటి బాబూ, లక్ష్మి బయటికెళ్లిపోయినట్టు కాదా?" అన్నాడు పెద్దాయన.

రెండో చలాను వచ్చాక నాకొక ఉపాయం తట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, బండి రాకముందే ఒక బట్టల సబ్బు కొన్నాను. బోణీ అయిపోయింది. మేనకోడలు వచ్చి, దింపి, డబ్బు తీసుకుని, నవ్వుకుంటూ వెళ్లింది. ఆరోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాతి రోజు మళ్లీ వెళ్లి సబ్బు అడిగితే పెద్దాయన చేతులు జోడించాడు.

"ఏటనుకోకండి బాబూ. నిన్న మీ చేత్తో బోణీ అయింది, సాయంత్రందాకా ఈగలు తోలుకున్నాను. మీకు సబ్బు కావాలంటే మజ్జానం రండి. పొద్దున్న పూట మాత్రం కొట్టు ఛాయలకి రాకండి."

అప్పటికే బండి వచ్చి ఆగింది. పెద్దాయన నాకు సబ్బు అమ్మడు, కొనడానికి వేరేవాళ్లు రారు. ఆరోజే మూడో చలాను పడింది.

"మావయ్యా, నీ హాథ్ కా కమాల్ చూశావా, నీ చేతి మహిమ?" అంది నా మేనకోడలు. నవ్వుతూనే అంది గాని, స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

మూడింటి మీదా అభ్యంతరం పెట్టింది. విచారణకి రమ్మన్నారు. నేను పేపర్లో రోజూ రాసేవాణ్ణి; ఆ అలవాటుతో ఆమె తరఫున చెప్పాల్సినవన్నీ ఒక పేజీ తయారుచేశాను. అరగంట అని రాసిన బోర్డు కోచింగ్ సెంటర్ బ్యానరు వెనక దాక్కుందనీ, గీతలు చెరిగిపోయాయనీ, ఇలాంటివి. ఆమె చదివి తిరిగి ఇచ్చేసింది.

"బోర్డు నాకు కనిపిస్తోంది కదా మావయ్యా. రోజూ దాని కిందే ఆపుతాను. ఇది నువ్వు పేపర్లో వేసుకో."

అధికారి గదిలో నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన ఫోటోలు చూసి సూటిగా అడిగాడు. "సామాను దించేశావు. బండి ఖాళీ. మరి ఎందుకు ఆగావు బేటీ?"

"బోణీ కాలేదు సార్."

ఆయన తలెత్తాడు. ఆమె అంతా చెప్పింది. విని, "అయితే తప్పు కొట్టాయనది. ఆయన ఆపాడని రాసివ్వు, నీ మీద నుంచి తీసేస్తాను" అన్నాడు.

నేను బెంచీ మీద ముందుకి జరిగాను. పాసు నిలబడాలంటే అంతకన్నా దగ్గర దారి లేదు.

"ఆయన నన్ను ఆపలేదు సార్. పొమ్మన్నా పోయేదాన్ని కాదు. మా అమ్మా అంతే. పొద్దున్న దీపం పెట్టకముందు అప్పుగా చిటికెడు ఉప్పు కూడా ఇవ్వదు. ఆ పెద్దాయన మీద నేనెలా రాస్తాను?"

"నియమాల్లో బోణీ అనే మాట లేదమ్మా."

"అందుకే వచ్చాను సార్. ఉంటే రాకపోదును."

గుమాస్తా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. అధికారి కుర్చీలో వెనక్కి వాలి, "రేపు నేనే వచ్చి చూస్తాను. కొట్లో మాత్రం చెప్పకు" అన్నాడు.

ఆమె చెప్పలేదు. మర్నాడు, మొదట చెప్పిన ఆ ఉదయం, ఆయన మామూలు చొక్కాలో, యూనిఫాం లేని ఒక కానిస్టేబులుతో వచ్చి, బండి పక్కన నిలబడ్డాడు. పెట్టెలు లోపలికి వెళ్లిపోయాయి. పెద్దాయన గల్లా మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఒకావిడ వచ్చి జీలకర్ర ధర అడిగి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన వైపే మేనకోడలు, పెద్దాయన, అధికారి ముగ్గురూ ఒకేలా చూశారు. టీ గ్లాసు చేతిలో చల్లారిపోతోంది, నేనూ అటే చూస్తున్నాను. అరగంట దగ్గర పడుతుండగా అధికారి గడియారం చూసుకున్నాడు. ఇక ఉండలేక, రెండడుగులు వేసి కొట్టు గట్టు దగ్గరకెళ్లి, "ఆ బిస్కెట్ ప్యాకెట్టు ఒకటి ఇవ్వండి" అన్నాడు.

కొన్నది ఎవరో కానిస్టేబులు చెప్పాక పెద్దాయన కంగారుపడ్డాడు. అధికారి కోప్పడలేదు. తన తండ్రికి దుర్గ్‌లో చెప్పుల కొట్టు ఉండేదనీ, ఆయనా అంతేననీ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: తనకి జాలేసి తీసేస్తే రేపు వచ్చే ఇంకో అధికారికి జాలి వెయ్యకపోవచ్చు. అందుకని మొదటి రెండు చలాన్లు కొట్టేసి, మూడోదాన్ని పై ఆఫీసుకి పంపించాడు. దించిన సరుకుకి డబ్బు కోసం ఆగడం దింపుకోవడంలో భాగమా కాదా, అక్కడే తేల్చి చెప్పమని అడిగాడు. మిగిలింది ఒక్కటే కాబట్టి ప్రస్తుతానికి పాసుకి ఢోకా లేదు.

ఆరోజు కొట్లో బేరం బాగా సాగిందట. పెద్దాయన ఇప్పుడు మునుపటికన్నా ముందే షట్టరు ఎత్తుతున్నాడు. బండి వచ్చేసరికి చాలా రోజులు బోణీ అయిపోయి ఉంటోంది. "ఆఫీసరు బాబు మళ్లీ ఎప్పుడొస్తారమ్మీ?" అని మేనకోడల్ని అడుగుతుంటాడు. పక్క కొట్టువాళ్లు కూడా ఆ బిస్కెట్ సంగతి విని, ఆయనకి తమ కొట్టు చూపించమంటున్నారు. నేను మాత్రం ఇప్పటికీ సబ్బుకి మధ్యాహ్నమే వెళ్తాను.

మూడో చలాను ఆమె ఫోన్లో ఇంకా అలాగే ఉంది. నొక్కి చూస్తే విచారణలో ఉందని వస్తుంది. పై ఆఫీసు నుంచి జవాబు ఇంకా రాలేదు.