గోతిలో పడాల్సిన బండి

కృపారావు పద్దెనిమిదేళ్ళు రాజాం నుంచి తన ఊరు దోనుపేటకు ఆటో నడిపాడు. పదకొండు కిలోమీటర్ల ఆ దారిలో రోడ్డు తక్కువ, గోతులు ఎక్కువ. అయినా అతని ఆటోలో ఒళ్ళో కోడిగుడ్ల బుట్ట పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒక్క గుడ్డూ చితక్కుండా దిగేవారు. నెలలు నిండిన ఆడవాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే ఊరివాళ్ళు అతనికే కబురు పెట్టేవారు. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు అతని డ్రైవింగుకు కూడా కలిపి దేవుడికి స్తోత్రం చెప్పారు. కృపారావు పైకి తల వంచుకున్నాడు గానీ లోపల పొంగిపోయాడు. మనిషన్నాక ఆ మాత్రం గర్వం ఉండాలి.

ఆటో పాతబడి మూలపడ్డాక, రోడ్లు కొలిచే ఒక కంపెనీలో డ్రైవరుగా చేరాడు. ఆ కంపెనీ బండికి ముందు బంపరు కింద లేజర్లు ఉంటాయి. బండి పోతుంటే అవి ఎగుడుదిగుడులన్నీ లెక్కగట్టి ఒక అంకె చూపిస్తాయి. అంకె చిన్నదైతే రోడ్డు నునుపు, పెద్దదైతే గతుకులు. డ్రైవరుకు నియమం ఒక్కటే: గొయ్యి కనబడితే తప్పించకూడదు. చక్రాలు తిన్నగా పోవాలి, పడితే పడాలి. తప్పిస్తే అంకె అబద్ధమైపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక డ్రైవరు బండి మీద జాలిపడి రెండు గోతులు తప్పించాడు. ఆ సాయంత్రమే అతన్ని రైలెక్కించి ఇంటికి పంపేశారు.

ఆటో డ్రైవరుకు ఇంతకంటే తలకిందుల పని ఇంకోటి ఉండదు. మొదటి నెలంతా కృపారావు పళ్ళు బిగబట్టి తోలాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఆరేళ్ళలో సగం దేశం తిరిగాడు. ఇంజినీర్లు అంకె చూసుకుంటే అతను తన క్యారేజీ చూసుకునేవాడు. గుజరాత్‌లో మధ్యాహ్నం మూత తీస్తే అన్నం మీద పప్పు ఒకపక్క, పచ్చడి ఒకపక్క పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. జార్ఖండ్‌లో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద అన్నీ కలిసి ముద్దయ్యేవి, కలుపుకునే శ్రమ తప్పేది. పాతపట్నం దాటి ఒడిశాలోకి పోతుంటే, కళ్ళు మూసుకున్నా సరిహద్దు ఎక్కడో తన నడుమే చెబుతుందనేవాడు. ఏ వైపు మెరుగని అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాడు.

ఈ ఏడు ఆ బండి అతని సొంత జిల్లాకే వచ్చింది. కొలవాల్సిన రోడ్లలో రాజాం–దోనుపేట కూడా ఉంది. అంకె ఆరు దాటితే రోడ్డు కొత్తగా వేస్తారు. దాటకపోతే మరో ఐదేళ్ళు అంతే సంగతులు. కృపారావు భార్య ఎలీసమ్మ ఈ కబురు చర్చిలోనూ, బోరింగు దగ్గరా చెప్పేసింది. ఊరంతా ఆశ పెట్టుకుంది.

ఆ రోడ్డు కొలిచిన రోజు వెనక సీట్లో కంప్యూటరు ముందు ఇంజినీరు హేమ కూర్చుంది. విజయనగరం అమ్మాయి. దోనుపేటలో బండి ఆగగానే తెర మీది అంకె చూసి ఆశ్చర్యపోయింది.

"మీ ఊరి రోడ్డు భలే ఉందే కృపారావుగారూ! మూడు పాయింట్ ఒకటి వచ్చింది."

కృపారావు వేళాకోళం అనుకుని నవ్వబోయి ఆగిపోయాడు. పదకొండు కిలోమీటర్లు వచ్చాడు, ఒళ్ళు ఒక్కసారీ అదరలేదు. స్టీరింగు తిప్పినట్టు గుర్తు కూడా లేదు. గోతులన్నిటినీ చేతులు వాటంతట అవే తప్పించేశాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది ఆటోతో వచ్చిన బుద్ధే, అయినా పోలేదు. దేశమంతా తిన్నగా తోలినవాడు సొంత ఊరి రోడ్డు మీద వంకర తోలాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఉద్యోగమూ ఉంటుంది. ఇంతలో ఎలీసమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏటయ్యా, ఎంతొచ్చింది?"

ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కృపారావుకు సిగ్గేసింది. వెనక్కి, హేమ వైపు తిరిగాడు.

"మేడమ్, అది తప్పు. నాను గోతులు తప్పించీసినాను. మళ్ళీ కొలవాలి."

"మళ్ళీ కొలవాలంటే కారణం రాయాలండీ. అది రాస్తే మిమ్మల్ని ఉంచరు."

"రాసీయమ్మా."

రాజాం వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టారు. మూడో కిలోమీటరు దగ్గర కల్వర్టు రాగానే స్టీరింగు ఎడమకు తిరిగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళారు. కృపారావు చేతులు బిగించి పట్టుకున్నాడు. అయినా అక్కడికి రాగానే తిరిగింది. బండి ఆపి దిగిపోయాడు.

"నా సేతులు నా మాట ఇనడం లేదమ్మా. నువ్వే తోలు."

హేమ తిన్నగా తోలింది. కల్వర్టు గోతిలో కృపారావు తల పైకప్పుకు తగిలింది. తర్వాతి దాంట్లో నాలుక కొరుక్కున్నాడు. ఆ గోతుల్లో దేంట్లోనూ అతను ఇంతకుముందు పడలేదు. తన ఆటోలో చోటు దొరకనివాళ్ళు ఇన్నేళ్ళూ ఇలాగే ప్రయాణం చేశారు. నిండు చూలాళ్ళు కూడా. పాస్టరుగారి స్తోత్రం గుర్తొచ్చి కృపారావుకు ఏడుపొచ్చింది.

తొమ్మిది పాయింట్ నాలుగు. ఆ ఏడాది ఆ బండి కొలిచిన రోడ్లన్నిటిలోకీ పెద్ద అంకె అదే.

వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. వానలు వెళ్ళాక రోడ్డు పడింది, అద్దంలా ఉంది. కృపారావు పాత ఆటోకి మరమ్మతు చేయించి మళ్ళీ రోడ్డెక్కాడు. మొదటిరోజు రాజాం వెళ్తుంటే ఊళ్ళో ముసలామె తవిటమ్మ గుడ్ల బుట్టతో ఎక్కింది. ఊరు దాటగానే ఆటో ఎడమకు ఒరిగింది, వెంటనే కుడికి ఒరిగింది. కల్వర్టు దగ్గర మరీ ఒరిగేసరికి ముసల్ది సీటు మీంచి జారి కడ్డీ పట్టుకుంది.

"ఒరే కృపారావూ, ఏటిరా ఆ తోలడం? గొయ్యేదిరా?"

కృపారావు ఆటో ఆపి వెనక్కి చూశాడు. బుట్టలో రెండు గుడ్లు చితికి ఉన్నాయి. అతని ఆటోలో గుడ్లు చితకడం అదే మొదలు.