అత్తయ్య సీట్లో స్టీరింగు

ఆ రోజుల్లో మా నిడదవోలులో కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లకి తెలియని సంగతంటూ ఉండదని జనానికి గట్టి నమ్మకం. జనం కంటే ఎక్కువగా ఆ నమ్మకం నాకుండేది. డిగ్రీ అయిపోయి, పెళ్లి ఇంకా కాక, ఆ మధ్య ఖాళీలో స్టేషను రోడ్డులో ఉన్న ఒక నెట్ సెంటర్లో పనికి చేరాను. పిల్లల పరీక్షా ఫలితాలు చూసిపెట్టడం, హాల్‌టికెట్లు తీసివ్వడం, కువైట్‌లో ఉన్న చెల్లెలికి "గేదె ఈనింది, పెయ్యదూడ" అని అక్కగారి తరఫున మెయిలు కొట్టిపెట్టడం, ఇవీ నా రాచకార్యాలు. ఊళ్లో అందరూ నన్ను నెట్టమ్మాయి అనేవారు. (మా అమ్మ మాత్రం "ఇంట్లో గ్లాసు తీసి అటు పెట్టదు గానీ ప్రపంచమంతా చక్కబెడుతుందట" అనేది. అమ్మ మాటలు అప్పట్లో నేను పట్టించుకునేదాన్ని కాదు.)

మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నయ్య, నిడదవోలు నించి కాలవగట్టు మీద సైకిలు తొక్కితే చెమట పట్టేలోగా వచ్చేసే పల్లెటూళ్లో ఉండేవారు. వరి చేలూ, కొబ్బరి తోటా ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా మర్యాద ఉంది. చేలో గట్టు నరికిన మనిషి ఎదురుపడినా ముందు లోపలికి పిలిచి, మజ్జిగ ఇప్పించి, "తాగండి, తర్వాత దెబ్బలాడుకుందాం" అనేవారు. ఆ ఏడు ఆయనకి అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తి అత్తయ్య పుట్టినూరైన సామర్లకోటలో, భీమేశ్వరస్వామి గుళ్లో చేసుకుందామనుకున్నారు. ఓ రోజు భోజనాల దగ్గర మంచి హుషారులో ఉండి, "మళ్లీ పెళ్లే కదటే. నీకేం కావాలో కోరుకో" అన్నారు. గొలుసనో పట్టుచీరనో అంటుందని అందరం చెవులు రిక్కించాం. అత్తయ్య చారు వడ్డిస్తూ, "కారులో ముందు సీటు" అంది.

ఆ కోరిక వెనక పెద్ద కథే ఉంది. "మా పెళ్లయ్యాక సామర్లకోట నించి మీ తాతగారి కారులోనే తీసుకొచ్చారే అమ్మాయ్" అని అత్తయ్య నాకు చెప్పింది. "తెల్లటి అంబాసిడరు. ముందు సీట్లో, కిటికీ పక్కన మా మామగారు కండువా ఎగరేసుకుంటూ కూర్చున్నారు. వెనకాల ఇటు మీ మావయ్య, అటు ఆయన మేనత్త. మధ్యలో నేను, నా ఒళ్లో సారె బిందె. గోదారి మీద రోడ్డు వంతెన అప్పటికి కొత్త. అందరూ తలకాయలు బయటపెట్టి ఆహా ఓహో అంటున్నారు. నాకు బిందె మూతి తప్ప ఇంకేం కనపళ్లేదు." ఆ తర్వాత కూడా కారు తీసినప్పుడల్లా ముందు సీటు మామగారిదే. ఆయన పోయాక తన వంతు వస్తుందేమో అనుకునేలోగా తుఫానొచ్చి చేలన్నీ తుడిచిపెట్టుకుపోయిన ఏడు కారు అమ్మేశారు. అత్తయ్య ఇవన్నీ ఎవరినీ తప్పుపడుతున్నట్టు కాకుండా, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా చెప్పింది. కానీ మావయ్య ఆ పూట మజ్జిగన్నం తినలేదు. మర్నాడే తెల్ల అంబాసిడరు కోసం బయల్దేరారు.

అద్దెకి మాట్లాడుకుందామంటే ఒప్పుకోలేదు. "అద్దె కారులో కూర్చోబెడితే అది ఆవిడ సీటెలా అవుతుంది" అనేశారు. తణుకు, రాజమండ్రి, ఎక్కడ షెడ్డుంటే అక్కడికి తిరిగారు. ఆ పాత రకం బండి ఒకచోట కోళ్లు గుడ్లు పెట్టే గూడై కనిపించింది, ఇంకోచోట చక్రాలు లేకుండా ఇటుకల మీద కనిపించింది. అప్పుడు, అవసరం లేకపోయినా, నేను కల్పించుకున్నాను. "ఊళ్లన్నీ తిరగడం ఎందుకు మావయ్యా, నెట్లో కొడితే కారే మనింటికి వస్తుంది" అన్నాను. కొట్టాను. వచ్చింది. తెల్లటి కారు, గుండ్రటి బుగ్గలు, మొన్ననే షోరూములోంచి దింపినంత మెరుపు. ధర చూస్తే ఎడ్ల జతకంటే కాస్త ఎక్కువ, అంతే. అమ్మేది సైన్యంలో కెప్టెన్. సరిహద్దుకి బదిలీ అయిందట, కారు తునిలో ఒక ట్రాన్స్‌పోర్టు గోడౌన్లో పెట్టి వెళ్లాడట, రవాణా ఖర్చు ముందుగా బ్యాంకులో వేస్తే కారు ఇంటికొస్తుందట, కారు నచ్చకపోతే ఆ ఖర్చు తిరిగిచ్చేస్తాడట. నాకైతే అందులో అనుమానించాల్సిందేమీ కనపళ్లేదు. ఇంగ్లీషులో ఉంది కదా.

ఉత్తరప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. మావయ్య నా పక్కన స్టూలు మీద కూర్చుని, కండువా సర్దుకుని, "కెప్టెన్ గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ ఇంట్లో అందరూ కులాసాయేనాండి? మీ స్వస్థలం ఎక్కడండి? మీ నాన్నగారు ఏం చేసేవారండి?" అని చెబుతుంటే నేను ఇంగ్లీషులో దంచేదాన్ని. జవాబు వెంటనే వచ్చేది. అంతా కులాసాయే, డబ్బు ఎప్పుడు వేస్తున్నారు అని. "చూశావా కోడలు పిల్లా, అడిగినదానికి ఆలస్యం చెయ్యకుండా జవాబిస్తున్నాడు. మనిషి పద్ధతైనవాడు" అని మావయ్య మురిసిపోయేవారు. తండ్రిగారి సంగతి ఎన్నిసార్లు అడిగినా చెప్పకపోతే, "పాపం, పోయారేమో. మనం అడిగి బాధపెట్టకూడదు" అన్నారు. బ్యాంకు ఖాతా కెప్టెన్ పేరున కాకుండా ఇంకెవరి పేరునో ఉంటే, "మేనేజరు గారిదట మావయ్యా" అని నేనే సర్దిచెప్పాను. (నెట్టమ్మాయికి తెలియనిది ఉండదని ముందే మనవి చేశాను.)

మావయ్యకి ఒక్కటే అడ్డం. కొనుగోలంటే మనిషి ఇంటికి రావాలి, భోంచెయ్యాలి, తమలపాకుల్లో బయానా పెట్టి చేతికివ్వాలి. ముఖం చూడకుండా బయానా ఏంటని ఆయన బెంగ. భోజనానికి రమ్మని రాయించారు. సరిహద్దు వదిలి రాలేనన్నాడు కెప్టెన్. దాంతో మావయ్య పూర్తిగా కరిగిపోయారు. "అక్కడ చలిలో ఏం తింటున్నాడో ఏంటో" అన్నారు. అత్తయ్య ఆ సాయంత్రమే మినపసున్నుండలు చుట్టింది. పార్సిలు పంపుతాం, చిరునామా ఇవ్వండని రాశాం. అక్కర్లేదన్నాడు. మా వైపు మర్యాద ఏమిటంటే, పెట్టేవాళ్లు మూడుసార్లు అడగాలి. పుచ్చుకునేవాళ్లు రెండుసార్లు వద్దని, మూడోసారి "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అనాలి. కెప్టెన్ మూడోసారి కూడా మిఠాయిలు వద్దు, డబ్బు వెయ్యండి అన్నాడు. అత్తయ్య మొహం చిన్నబుచ్చుకుంది. "మూడోసారి కూడా వద్దన్నాడా? ఎక్కడి మనిషండీ" అంది. "సైన్యంలో అలాగే ఉంటుందే, అంతా క్రమశిక్షణ" అని మావయ్య వెనకేసుకొచ్చారు.

ఈలోగా కారు వస్తోందన్న వార్త ఊరంతా పాకింది. ఎవరో పాకించారని అనుకునేరు, మావయ్యే పాకించారు. పాలకేంద్రం దగ్గర, ఎరువుల కొట్టు దగ్గర, చివరికి పరామర్శకి వెళ్లిన ఇంట్లో కూడా. గేదెల పాకలో సగం ఖాళీ చేయించి నాపరాళ్లు వేయించారు. వీధి గేటు ఇరుకవుతుందని మేస్త్రీని పిలిపించి ప్రహరీ గోడ పడగొట్టించి, ఏనుగు పట్టేంత వెడల్పు చేయించారు. గోడ అవతల నించి ఒకాయన "ఏవండోయ్, కారెప్పుడండి?" అంటే, "తునిలో బయల్దేరడానికి సిద్ధంగా ఉందండి, ఆయ్" అని మావయ్య నిండుగా నవ్వేవారు. దశమి గురువారం మంచిదని, ఆ పూట బ్యాంకులో డబ్బు వెయ్యడానికి నిశ్చయించారు.

ఆ గురువారం బ్యాంకు తెరవకముందే ఇద్దరూ నెట్ సెంటరుకి వచ్చారు. అత్తయ్య అప్పటిదాకా కారు గురించి వినడమే గానీ ఫొటో చూడలేదు. "ఒక్కసారి చూపించవే అమ్మాయ్, చూశాకే వెయ్యనీ" అంది. గొప్పగా తెర నిండా వచ్చేలా పెట్టాను. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని, బుగ్గలూ మెరుపూ ఏమీ చూడలేదు. తిన్నగా ముందు సీటు దగ్గర వేలు ఆనించింది. ఆ వేలు కాసేపు అక్కడే ఆగింది. "ఏవండీ, నా సీట్లో స్టీరింగు ఉందేంటండీ?" అంది.

మావయ్య వంగి చూశారు. నేను వంగి చూశాను. స్టీరింగు ఎడమవైపు ఉంది. ఈ దేశంలో ఏ కారుకైనా కుడివైపే ఉంటుందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. రెండు వారాలుగా ఆ ఫొటోని నేను పగలల్లా చూస్తున్నాను, మావయ్య ఊరందరికీ వర్ణించి చెబుతున్నారు. మా ఇద్దరికీ కనిపించనిది, కూర్చోవాల్సిన మనిషికి కనిపించింది. అయినా నేను ఊరుకున్నానా. "విదేశాలకి పంపడానికి చేసిన బండేమో అత్తయ్యా, అడుగుతానుండు" అని టకటకా రాశాను. జవాబు రాకుండా ఉన్నా బాగుండేది. వచ్చింది. ఏం పరవాలేదు, స్టీరింగు రేపటికల్లా కుడివైపుకి మార్పించి పంపుతాను, దానికి ఇంకొంచెం అదనంగా వెయ్యండి, అది కూడా తిరిగిచ్చేస్తాను అని.

చదివి తెలుగులో చెప్పాను. ఒక్క ట్రాక్టరు స్టీరింగు బాగుచేయించడానికి రాజమండ్రి షెడ్డులో వారం పాటు పడిగాపులు పడ్డ మనిషి మా మావయ్య. చేతిలో ఉన్న బ్యాంకు సంచీని మడిచి, మళ్లీ మడిచి, చంకలో పెట్టుకున్నారు. అప్పుడు నాకు బుద్ధి పుట్టి, కెప్టెన్ మొదట రాసిన వాక్యాలని ఉన్నవున్నట్టు నెట్లో వెతికాను. అవే మాటలతో, అదే సరిహద్దు నించి, ఇంకో పేరున్న కెప్టెన్ గారు ఇంకెక్కడో నీలం రంగు కారు అమ్ముతున్నారు. ఇంకోచోట ఎర్రది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. మావయ్య నా తల మీద చెయ్యి వేసి, "రాయి కోడలు పిల్లా" అన్నారు. "కెప్టెన్ గారికి నమస్కారాలు. మాకు కారు అక్కర్లేదండి. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే భోజనం మాత్రం పెడతాం. ఇలాంటి పనులు మానేసి రండి." ఆ ఒక్క ఉత్తరానికే ఆయన దగ్గర్నించి జవాబు రాలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద మావయ్య ఆగిపోయారు. "ఊళ్లో నవ్వుతారని కాదే. నీకు అన్నేళ్లకి ఒక్కటి ఇద్దామనుకున్నాను" అన్నారు. అత్తయ్య ఆయన కండువాతోనే ఆయన మొహం తుడిచి, "సున్నుండలు మిగిలాయి, ఇంటికి పదండి" అంది.

షష్టిపూర్తికి అందరం పాసింజరు రైల్లో సామర్లకోట బయల్దేరాం. రద్దీగా ఉంది. ముందుగా ఎక్కి కిటికీ సీటు పట్టుకున్నది, అలవాటు ప్రకారం, నేనే. (అత్తయ్య పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వెంట వెళ్లి, చిన్నప్పటి నించీ ఏడ్చి మరీ ఆ సీటు తీసుకున్న పిల్లని.) మావయ్య నన్ను చూసి కళ్లతోనే లెమ్మన్నారు. అత్తయ్యని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పూజ సామాను సర్దిన ఆ సారె బిందెనే ఆవిడ ఒళ్లోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, ఇటు అత్తయ్యకీ అటు ఒక కూరగాయల గంపకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. కొవ్వూరు దాటి రైలు వంతెనెక్కింది. పెట్టెలో అందరూ మాట్లాడుకుంటున్నారు, అత్తయ్య మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని గోదారినే చూస్తోంది. కొంగు ఎగిరిపోతున్నా సర్దుకోలేదు. రాజమండ్రి వచ్చాక ఇటు తిరిగి, "మీకేమైనా కనిపించిందాండీ?" అని అడిగింది. "బిందె మూతి" అన్నారు మావయ్య. అత్తయ్య అలా పగలబడి నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆ వెడల్పు గేటు ఇప్పటికీ అలాగే ఉంది. అందులోంచి అత్తయ్య గేదెలు రాజాలా నడిచి వెళతాయి. నేను కూడా ఇప్పుడు అన్నీ ఫోనులోనే కొంటున్నాను గానీ, ఎంత మెరుపున్న బొమ్మ చూసినా ముందు నా సీటెక్కడుందో వెతుక్కుంటాను. ప్రపంచమంతా చక్కబెట్టిన ఆ నెట్టమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మొన్నామధ్య రాజమండ్రి వెళ్తుంటే రైల్లో నాకు కిటికీ సీటు దొరికింది. పక్కన ఒకావిడ ఒళ్లో పెద్ద సంచీతో, అటూ ఇటూ జనం మధ్య నలుగుతోంది. లేచి, "ఇటు కూర్చోండమ్మా" అన్నాను. వద్దంది. మళ్లీ అన్నాను. పరవాలేదులెండి అంది. వంతెన దగ్గరికొస్తోంది. మూడోసారి అడిగాను.