ఓగ్న్యాన్ గొంతు

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా స్విష్టోవ్ ఊరి రేడియోలో కంప్యూటర్లు చూసుకునే నెవెనా మౌస్ ముట్టదు. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసి ఫైళ్ళను కుదించి మూట కడుతుంది, కావలసినప్పుడు విప్పుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఒకటే పాఠం: "ముందు మూట పేరు, తర్వాత అందులో పెట్టేది. తిరగేశావో, నీ సరుకు గల్లంతే." పక్క బల్ల దగ్గర వార్తలు రాసుకునే నేను అది విని విని విసిగిపోయాను.

ఆమె భర్త ఓగ్న్యాన్ మా రేడియోలోనే రోజూ మధ్యాహ్నం డాన్యూబ్ నీటిమట్టాలు చదివేవాడు. ఎంత వరదొచ్చినా అదే నిదానం. పోయిన శీతాకాలంలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన గొంతు ఒక్క ఫైలులోనే మిగిలింది. నీటిమట్టాలను దాచిపెట్టేదెవరు? సంవత్సరీకం నాడు, మా ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పంచేటప్పుడు ఆ గొంతు వినిపించమని నెవెనా అత్తగారు స్తోయ్కా అడిగింది.

తీసుకెళ్ళడానికి నెవెనా దాన్ని మూట కట్టబోయింది. నేను చేస్తానన్నా వినలేదు. ముందు ఓగ్న్యాన్ ఫైలు పేరే కొట్టింది. అతని పేరే ముందు రావాలనిపించిందట, పిచ్చిది! యంత్రం అడగదు కదా, ఆ గొంతును చెరిపేసి అదే పేరుతో ఉత్త మూట కట్టింది. నెవెనా విప్పి చూసింది. ఏమీ లేదు. మళ్ళీ విప్పింది. నకలు లేదా అని అడిగితే, ఇప్పుడు చేస్తున్నది అదేగా అంది.

ఒంటరిగా పంపలేక నేనూ ఆమెతో వాళ్ళింటికి వెళ్ళాను. స్తోయ్కా వంటింట్లో గోధుమలు ఏరుతోంది.

"అత్తయ్యా, ఆయన గొంతు నా చేతులతో నేనే చెరిపేశాను," అంది నెవెనా.

ముసలావిడ తల కూడా ఎత్తలేదు. "ఏం చెరిపావే? ఇందాక కూడా చదివాడుగా. లోమ్ రేవు దగ్గర నీళ్ళు తగ్గాయట. నాకోసం అడిగాననుకున్నావా? వచ్చేవాళ్ళు వింటారని అడిగాను."

అలమర మీద రేడియో ఉంది. దాని తీగ చుట్టి పక్కన పెట్టి ఉంది. నెవెనా భయపడుతుందనుకున్నాను, ఆమె మొహంలో కనిపించింది అసూయ.

"మరి నాకెందుకు వినిపించడు?"

"ఆ వేళకు నువ్వు ఇంట్లో ఉంటేగా," అంది స్తోయ్కా.

ఇప్పుడు మధ్యాహ్నమైతే చాలు, నెవెనా పని వదిలేసి ఆ వంటింటికి పోతుంది. వద్దని ఎంత చెప్పినా నా మాట చెవికెక్కదు. నేనూ రెండుమూడు సార్లు వెళ్ళి చూశాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. కాసేపటికి ముసలావిడ చేయి ఎత్తి, మాట్లాడొద్దని సైగ చేస్తుంది. నెవెనా ఊపిరి బిగబట్టి ముందుకు వంగుతుంది.

"ఏమంటున్నాడు అత్తయ్యా?" అని అడుగుతుంది.