నీళ్ళసీసా లేని సైకిలు

నలభై తొమ్మిదేళ్ళ ఆడది సైకిలెక్కితే ఇంట్లోవాళ్ళకి ముందు నవ్వొస్తుంది, తరవాత కంగారొస్తుంది, ఆఖరికి సలహాలొస్తాయి. మా ఇంట్లో ఈ మూడూ ఒకే ఆదివారం పొద్దున జరిగిపోయాయి. మా అమ్మాయి చదువుకని విశాఖ వెళ్ళాక దాని సైకిలు మెట్ల కింద తుప్పు పడుతూ ఉండేది. కాశీబుగ్గ తీసుకెళ్ళి దానికి కొత్త టైర్లు వేయించాను. జీడిపప్పు వ్యాపారం చేసే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఏటి, పోటీలకెల్తన్నావా?" అన్నాడు.

"లేదు. ఊరికే తిరిగొస్తాను."

"తిరగడానికి స్కూటీ ఉంది కదేటి?"

స్కూటీ ఉంది. రోజూ దానిమీదే బస్టాండుకి వెళ్ళి టెక్కలి బస్సెక్కుతాను. అక్కడ ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాని. వారంలో ఆరు రోజులు టైముకి చేరడానికి పరిగెత్తే మనిషికి, ఏ టైముకీ ఎక్కడికీ చేరక్కర్లేని ఒక్క రోజు కావాలనిపిస్తుంది. ఇదంతా ఆయనకి చెప్పే ఓపిక లేక చున్నీ నడుముకి బిగించుకుని బయల్దేరాను.

సైకిలు నాకు కొత్తేమీ కాదు. మందస దగ్గర పల్లె మాది. నేనూ మా అప్పా నాన్న సైకిలు మీదే హైస్కూలుకి వెళ్ళేవాళ్ళం. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే అంటాం. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం తనంతట తనే నేర్చుకుని, నాకూ నేర్పింది. "సక్రం కేసి సూడకు, దారి సూడు" అంటూ వెనక పట్టుకుని పరిగెత్తేది. నేను పడితే నవ్వేదే గాని లేపేది కాదు. బడికి తను తొక్కేది, నేను క్యారియర్ మీద రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూచునేదాన్ని. తరవాత అప్పని ఉద్దానంలో ఇచ్చారు, బారువకి ఇవతల, సముద్రం హోరు వినిపించే ఊళ్ళో. నన్ను పలాసలో ఇచ్చారు. మా ఇద్దరి మధ్యా ముప్ఫై కిలోమీటర్లు కూడా లేవు.

మొదటి ఆదివారాలు రైల్వే గేటు దాటి నాలుగైదు కిలోమీటర్లే. పాలక్యాన్లు కట్టుకుని వెళ్ళే ముసలివాళ్ళు కూడా నన్ను దాటుకుని పోయేవారు. పోనీలే అనుకునేదాన్ని. పలాసలో ఉన్నన్నాళ్ళూ తెలియని జీడిగింజల కమురు వాసన, ఊరు దాటి వెనక్కి వస్తుంటే మొహానికి కొట్టేది. ఒక్కో వారం కొంచెం దూరం పెంచుతూ పెద్ద రోడ్డు వదిలి ఉద్దానం దారుల్లో పడ్డాను. రెండు పక్కలా జీడితోటలు, మధ్యలో ఒక ఆటో పట్టేంత తారురోడ్డు, అంచుల్లో ఇసుక. తుఫానుకి కూలిన కొబ్బరిచెట్ల చోట నాటిన మొక్కలు అప్పటికే నా తలదాటి పెరిగాయి. ఎండుటాకుల మీద మేకలు నడిచే చప్పుడు సైకిలు మీద వినిపిస్తుంది, స్కూటీ మీద వినిపించదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎవరైనా పలకరిస్తే దిగాలి.

ఒకసారి పనసచెట్టు కింద కూచున్న ఒక తాత పలకరించాడు.

"ఏ ఊరమ్మా?"

"పలాస, తాతా."

"ఏటి పనిమీద?"

"పనేం లేదు, ఊరికే."

"ఊరికే ఎవులు తొక్కుతారమ్మా?" అని నా సైకిలు బుట్టలోకి తొంగిచూసి, "కిడ్నీల సర్వేకొచ్చినావా? నా రగతం మూడుసార్లిచ్చినాను. మల్లీ ఇయ్యను" అన్నాడు.

నవ్వు రాబోయి ఆగిపోయింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి బయటివాళ్ళకీ తెలుసు. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండంటారు. ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మా పలాసవాళ్ళం మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాం. ఉద్దానం వెళ్తే చంకలో నీళ్ళసీసా ఉండాలి. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా. అది ఎదుటివాళ్ళకి కనిపిస్తుందని మాకెవరికీ తోచలేదు. నా సైకిలుకీ హ్యాండిలు కింద ఒక సీసా బిగించి ఉండేది.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం గతుకుల్లో ఆ సీసా ఎక్కడో జారిపడింది. చూసుకునేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది. ఒక పెంకుటింటి ముందు దిగి నీళ్ళడిగాను. ముసలమ్మ చెంబుతో తెచ్చింది. చెంబు అందుకున్నాను గాని నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాను. ఒక్క క్షణమే. ఆ క్షణం ఆవిడ చూసేసింది. నా చేతిలోంచి చెంబు మెల్లగా తీసుకుని, కోపమన్నది లేకుండా, "నీల్లొద్దులే తల్లీ, బొండం కొడతాను తాగు. పలాసోలు మా నీల్లు తాగరు, మాకు తెలుసు" అంది.

బొండం తాగాను. ఆ కొబ్బరిచెట్టూ ఆ నేలలో నీళ్ళే తాగుతుందన్న తెలివి నాకు అప్పుడు రాలేదు. ఇంటికి తిరిగొస్తున్నంతసేపూ సిగ్గుతో ఒళ్ళు మండింది. ఆవిడ మాటకి కాదు, ఆ మాట నాకు కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట మా అప్ప నన్ను అదే మాట అని గుమ్మంలోంచి పంపేసింది. కాకపోతే అప్ప కోపంతో అంది.

బావ ఆ జబ్బుతోనే పోయాడు. రెండేళ్ళు డయాలసిస్‌కి తిరిగాడు. పెద్దకర్మ రోజున నేను కారులో రెండు అట్టపెట్టెల నిండా సీలు వేసిన నీళ్ళసీసాలు వేసుకుని వెళ్ళాను. పట్నంనుంచి వచ్చే చుట్టాలు ఇబ్బంది పడతారని, అప్పకి సాయం చేస్తున్నానని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. భోజనాల పంక్తిలో అప్పటికే పోసి ఉంచిన స్టీలు గ్లాసులు పక్కకి జరిపి, మావాళ్ళందరి ఆకుల దగ్గరా ఒక్కో సీసా పెట్టుకుంటూ వెళ్ళాను. తలెత్తేసరికి వాకిట్లో అప్ప నిలబడి ఉంది.

"మా నీల్లే మీ బావని సంపీసినాయని అందరికీ సెప్పడానికొచ్చినావేటి? పలాసోలు మా నీల్లు తాగరు, తెలుసు. అయితే మా గుమ్మం కూడా తొక్కకండి."

అందరిముందూ అంది. నాకూ రోషం ఉంది, వచ్చేశాను. ఆ తరవాత రెండు పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డాం. తను పెళ్ళికూతురుకేసి చూసింది, నేను పందిరికేసి చూశాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనూ మూడోసారి చేయలేదు. మంచికి పోయిన నన్ను మాటలందని నాలుగేళ్ళు చెప్పుకు తిరిగాను, బస్సులో పక్కసీటువాళ్ళకి కూడా.

ముసలమ్మ చెంబు వెనక్కి తీసుకున్న రోజున ఆ కథ నాకే చెల్లకుండా పోయింది.

అప్ప ఇంటికి వెళ్ళాలనుకున్నాను. సైకిలు మీదే, సీసా లేకుండానే, దారిలో ఎక్కడా చుక్క తాగకుండా. గుమ్మం ముందు దిగి నీళ్ళడగాలి. ఇచ్చింది ఏ నీళ్ళయినా సరే, ఒక్క మాట అడక్కుండా తాగాలి. మా ఆయన విని తల కొట్టుకున్నాడు.

"పిచ్చేటి నీకు? కారులో నాను తీసుకెల్తాను. సారీ సెప్పీసి వచ్చీ."

"కారులో వెళ్తే దాహమెయ్యదు," అన్నాను.

"దాహమెయ్యాలని ఎవులైనా ఎండలో పడి ఎల్తారా?"

నేను వెళ్తాను. నటన చేతకాదు నాకు. దాహం లేకుండా వెళ్ళి నీళ్ళడిగితే నా చెయ్యి మళ్ళీ ఆగిపోతుందేమోనని భయం. నాలుక పీక్కుపోతుంటే చెయ్యి ఆగదు. సీసా బిగించే పట్టీని స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి అల్మారాలో పడేశాను. అక్కణ్ణుంచి వరసగా ఐదు ఆదివారాలు ఆ ఒక్క పనికోసమే తొక్కాను. టెక్కలి వైపు చెరువుగట్ల మీద, ఇంకోవారం మందస దాకా, ఎదురుగాలి అలవాటు కావడానికి ఒకరోజు సముద్రం వైపు. మోకాళ్ళకి రాత్రిళ్ళు నూనె రాసుకున్నాను. ఆయన నవ్వడం మానేసి, ఒకరోజు నాకు చెప్పకుండా చైనుకి గ్రీజు పెట్టాడు.

మార్చిలో బయల్దేరాను. పొద్దున ఆరున్నరకి ఇంట్లో గ్లాసుడు గంజి తాగాను. హరిపురం దాకా లారీల పక్కన, అక్కణ్ణుంచి నా దారుల్లో. జీడిపళ్ళు అప్పుడే పండుతున్నాయి. రాలి నలిగినచోట పుల్లటి వాసన. తోటల్లో ఆడవాళ్ళు పళ్ళనుంచి గింజలు మెలిపెట్టి బుట్టల్లో వేస్తున్నారు. ఒకామె ఎర్రటి పండు చూపించి, "తిను సెల్లీ, ఎండలో ఏటలా తొక్కుతున్నావు?" అంది. పలకరించింది కాబట్టి దిగాను. పండు మాత్రం వద్దన్నాను. ఆమె చిన్నబుచ్చుకుంది. మా అప్ప ఇంటికెళ్తున్నాను, వచ్చేటప్పుడు తింటానని చెప్పాను.

తొమ్మిదయ్యేసరికి పెదాలు అంటుకుపోయాయి. ఒక కూడలిలో సోడా కొడుతున్న చప్పుడు విని సైకిలు దానంతట అదే నెమ్మదించింది. తిట్టుకుని తొక్కాను. ఇసుక మేటవేసిన ఒక మలుపులో ముందుచక్రం జారి పడ్డాను. మోచెయ్యి గీరుకుంది. అటూ ఇటూ ఎవరూ లేరు. లేపేవాళ్ళు లేరని కాసేపు అలాగే కూచుని, అప్ప ఎప్పుడు లేపింది గనకనని గుర్తొచ్చి లేచాను. వెనక్కి తిరగాలని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. అది ధైర్యమో మొండితనమో, మా ఇంట్లో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు.

పదిన్నరకి అప్ప ఇంటిముందు దిగాను. అప్ప అరుగు మీద కూచుని కత్తిపీటతో ములక్కాడలు కోస్తోంది. జుట్టు సగానికి పైగా నెరిసిపోయింది. తలెత్తింది. నాకేసి కాదు, ముందు సైకిలుకేసి చూసింది.

"పలాసనుంచి దీని మీదే వచ్చినావా?"

"దీని మీదే. దాహమేస్తోంది అప్పా. నీళ్ళియ్యి."

గొంతు ఎండిపోయి ఆ మాటలు సగమే బయటికొచ్చాయి. అప్ప నా హ్యాండిలు చూసింది, బుట్ట చూసింది, నా భుజాలకేసి చూసింది. సీసా ఎక్కడుందోనని వెతికింది. కత్తిపీట వాల్చి లోపలికెళ్ళింది. ఎంతకీ రాలేదు. ఇంక రాదనే అనుకున్నాను. పెరట్లో బావి గిలక కనిపిస్తోంది. చూడకుండా తల తిప్పుకున్నాను. అప్ప పెద్ద చెంబు తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతికివ్వలేదు.

తీసుకున్నాను. చెయ్యి ఆగలేదు. చెంబెత్తి గటగటా తాగేశాను, మెడమీంచి కారి చున్నీ తడిసింది. ఖాళీ చెంబు చాపాను. అప్ప మళ్ళీ నింపుకొచ్చింది. అదీ తాగేశాను.

"ఏ నీల్లో అడగవేటి?" అంది.

"అడగను."

"బావి నీల్లయితేనో?"

"అయితే అయ్యాయి. నువ్విచ్చావు, తాగాను."

అప్ప నా మోచేతి మీద ఇసుక చూసి కొంగుతో దులిపింది. గట్టిగా, మంటపుట్టేలా దులిపింది.

"కొనుక్కున్న టిన్ను నీల్లే. పలాస బండోడు రోజూ ఏసెల్తాడు. ఆ బావి నీల్లు నీకిత్తానేటి నాను? మీ బావ మంచం పట్టిన కాడినుంచి ఆ బావి నీల్లు ఈ ఇంట్లో ఎవులికీ పెట్టలేదు. మొక్కలకి పోత్తన్నాను, అంతే."

నాకు మెల్లగా వెలిగింది. చెంబు అరుగు మీద పెట్టేశాను.

"అయితే అప్పా, పెద్దకర్మ రోజున..."

"ఆ రోజూ టిన్ను నీల్లే. చుట్టాలొత్తారని ముందురోజే ఇరవై టిన్నులు తెప్పించినాను. గలాసులన్నీ నాను సేత్తో పోసినాను. అయ్యే నువ్వు పక్కకి జరిపినావు."

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"ఒక్క మాట అడిగుంటే సెప్పుదును కదే," అంది. "నువ్వడిగితే సెప్దామని సూత్తానే ఉన్నాను. నాలుగేల్లయినాది."

అక్కడే కూలబడి ఏడిచాను. మొగుడు పోయి పదిరోజులు కాకుండానే, నాలాంటివాళ్ళు భయపడతారని టిన్నులు లెక్క చూసుకున్న మనిషి అది. ఆ గ్లాసులు నేను జరిపాను. క్షమించమన్నాను. ఆ మాట పక్కకి తోసేసి, "లే, అన్నం తిను" అని లోపలికి పోయింది. లేవడానికి చెయ్యివ్వలేదు.

ఎండ చల్లబడ్డాక బయల్దేరుతుంటే, పాత కూల్‌డ్రింక్ సీసా ఒకటి కడిగి, టిన్ను వంచి నింపి, నా బుట్టలో పెట్టింది. "గాలి తక్కువుంది, ఎనకాల టైరు" అని తిట్టింది కూడా. వచ్చేదారిలో ఆ తోట దగ్గర ఆగి జీడిపండు అడిగి తిన్నాను, గొంతు గరగరలాడింది.

ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు వెళ్తాను. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళు వెళ్తాను. సీసా పట్టీ ఇంకా అల్మారాలోనే ఉంది. వెళ్ళేటప్పుడు బుట్టలో అప్ప ఇచ్చిన ఖాళీ సీసా ఉంటుంది, వచ్చేటప్పుడు దాన్నిండా నీళ్ళుంటాయి.