గట్టిమేళంలో మునిగిన మాట

గట్టిమేళమంటే నా చిన్నప్పుడు నాకు మహా ఇష్టం. పురోహితుడు చెయ్యి ఊపగానే సన్నాయిలూ డోళ్లూ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మూడుముళ్లు పడే వేళ తుమ్ము గానీ ఏడుపు గానీ ఎవరి చెవినా పడకూడదట, అందుకే అంత గోల.

ఎమర్జెన్సీ ఎత్తేసిన వేసవిలో మా అక్క పెళ్లి. రాజమండ్రిలో మా బెల్లం కొట్టు వెనకే ఇల్లు, ఇంటిని ఆనుకునే పందిరి. మేళం పెద్దాయన బక్కపలచని మనిషి. నోట్లో సన్నాయి ఉంటుంది కాబట్టి తనవాళ్లకు ఏం చెప్పాలన్నా కనుబొమలతోనే. అవి లేస్తే డోళ్లు ఉరుముతాయి, దిగితే సద్దుమణుగుతాయి. నాన్న ఎంత కేకలేసినా కదలని గుమస్తాలను చూసి పెరిగిన నాకు ఆ కనుబొమలు భలే గొప్పగా కనిపించాయి.

ఆ పెళ్లి కోసమే ప్రాణం బిగబట్టుకుని ఉంది మా నాయనమ్మ. ఆ రోజు పొద్దున్నే పెద్దాయనను మంచం దగ్గరికి పిలిపించుకుంది.

"లోపల్నుంచి ఏ ఏడుపు వినిపించినా మేళం ఆపకు నాయనా. నా వల్ల పిల్ల పెళ్లి ఆగకూడదు."

"అలాగేనండి అమ్మగారూ. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడాయన.

ముహూర్తం దగ్గరపడ్డాక అందరూ పందిట్లోకి వెళ్లారు. నాయనమ్మకు విసురుతూ నేనుండిపోయాను. ఉన్నట్టుండి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నని పిలవ్వే. ఒక్కసారి చూడాలనుంది," అంది.

ఏడుస్తూ పరిగెత్తాను. జనంలో నాన్న దగ్గరికి దారి దొరకలేదు. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ ఏడుపేంటే!" అని ఒక అత్తయ్య నన్ను పట్టుకుంది. "నాన్నా!" అని అరిచాను. మేళం పెద్దాయన తలెత్తి నా ముఖం చూశాడు. నాయనమ్మ పోయిందనుకున్నాడు పాపం. పురోహితుడు ఇంకా చెయ్యి ఊపనేలేదు, పెద్దాయన కనుబొమలు లేచాయి.

ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. కాదు కాదని ఆయన వైపు తల అడ్డంగా ఊపాను, దండం పెట్టాను. బుగ్గలు పొంగించి ఊదుతూనే ఉన్నాడాయన. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు మరి.

తాళి కట్టడం అయ్యాక నాన్న లోపలికి వచ్చేసరికి నాయనమ్మ వెళ్లిపోయింది.

మేళం సర్దుకుని వెళ్తూ పెద్దాయన నా తల నిమిరాడు. "అమ్మగారు అడిగినట్టే చేశానమ్మా," అన్నాడు. ఆఖరి క్షణంలో ఆవిడ అడిగింది వేరని ఎలా చెప్పను? తలూపాను. నాన్నకూ చెప్పలేదు. "మా అమ్మ హాయిగా మేళం వింటూ పోయింది" అని ఆయన బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చాను.

ఎవరి తప్పూ లేకుండానే కొన్ని చెయ్యి జారిపోతాయని ఆ రోజే తెలిసింది. తెలిసినంత మాత్రాన దుఃఖం తీరదు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా గట్టిమేళం మొదలవగానే అందరూ వధూవరుల మీద అక్షతలు వేస్తారు. నేను గుప్పిట బిగించి గుమ్మం వైపు చూస్తాను, ఏ పిల్లయినా ఏదో చెప్పాలని వచ్చి అరుస్తోందేమోనని.