నాలుగో మేక

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఏడో తరగతిలో లెక్కల సారుకు భయపడి బడి మానేసినవాణ్ణి నేను. అంతకన్నా భయపెట్టేది ఈ లోకంలో ఇంకొకటి ఉందంటే ఎట్లా నమ్మేది? మా గల్లీలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే అందరికన్నా ముందు పోయి నవ్వేది నేనే. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

మాది బోరబండ. నా పని హైటెక్ సిటీలో, ఒక పెద్ద అద్దాల బిల్డింగులో ఏసీలు చూసుకోవడం. ఎంఎంటీఎస్ ఎక్కితే ఒక్క స్టేషనే. నా పుణ్యాన ఎండాకాలంలో కూడా ఆ బిల్డింగులో ఆడపిల్లలు స్వెట్టర్లు వేసుకుంటారు. మా ఇంట్లో కూలరు మాత్రం రెండేళ్ళుగా తిరగదు. ఆ సంగతి నా పెళ్ళాం సుజాత రోజూ గుర్తు చేస్తుంది.

ఆ బిల్డింగులో నన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఏసీల వల్ల కాదు, పులి-మేక వల్ల.

మధ్యాహ్నం తిండి అయ్యాక క్యాంటీన్‌లో ఫోన్లలో ఆడేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకి తినేస్తుంది. పులులు కదలకుండా మేకలు దారులన్నీ మూసేస్తే మేకలు గెలిచినట్టు. పెద్ద పెద్ద చదువుల ఇంజనీర్లు నా ముందు కూర్చుని, తల గోక్కుని, ఓడిపోయి లేచేవాళ్ళు. ఛాయ్ పోసే అతను మొదటి గ్లాసు నాకే ఇచ్చేవాడు. చదువుకోనివాడికి ఆ గ్లాసు ఎంత తియ్యగా ఉంటుందో చదువుకున్నవాళ్ళకు తెలియదు.

ఈ ఆట నాకు మా అమ్మ నేర్పింది. ఇంట్లో షాబాదు బండమీద సుద్దముక్కతో గీసి, చింతగింజలను మేకలుగా పెట్టి ఆడించేది. అందులో ఒక కిటుకు చెప్పింది. మొదటి మూడు మేకలను అంచున పెట్టి, నాలుగోదాన్ని కావాలనే పులి నోటి ముందు పెట్టాలి. పులి ఆశపడి దూకుతుంది. దూకి దిగిన మూలలోనే అది ఇరుక్కుంటుంది. అమ్మ పోయాక ఆ కిటుకు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. క్యాంటీన్‌లో ఒక్కసారి కూడా వాడలేదు. నలుగురూ చూస్తే నేర్చుకుంటారని భయం.

అట్లాంటి సమయంలో శ్రీకర్ వచ్చాడు. కడప నుంచి వచ్చిన ఇంజనీరు, మూడో అంతస్తులో పని. మొదటిరోజే నన్ను అందరి ముందూ ఓడించాడు. మరుసటిరోజు మళ్ళీ. ఓడించి మురిసినా బాగుండేది. "బాగా ఆడినావన్నా, నాకేదో కలిసొచ్చింది" అన్నాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆ రోజు ఛాయ్ మొదటి గ్లాసు అతని చేతికి పోయింది.

కుళ్ళుకున్నాను. దాచడం దేనికి? అతని సీటు మీద పడే ఏసీ గాలిని బాగా చల్లబరిచాను. మరుసటిరోజు వెతుక్కుంటూ వచ్చి, "థ్యాంక్సన్నా, ఇన్నాళ్ళూ ఆడ ఉక్కపోతగా ఉండేది" అన్నాడు.

ఇతను సొంత తెలివితో ఆడటం లేదని మనసులో తీర్మానించుకున్నాను. బోర్డు చూపిస్తే కంప్యూటరే ఎత్తు చెప్పేస్తుందని విన్నాను. అతని పనే కంప్యూటరు. దొంగాటను నలుగురిలో పట్టుకుంటే నా పేరు నాకు తిరిగి వస్తుంది. అతని చేతిలో ఫోన్ లేనప్పుడు కూడా ఎత్తు పడితే పట్టుబడినట్టే. అందుకే, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ఎత్తు వేసుకునే పెద్ద ఆట ఆడదామని అడిగాను.

"నువ్వు పిలువన్నా, ఆడదాం" అన్నాడు.

ఆ సాయంత్రం ఆటకు పిలుపు పంపాను. వెంటనే ఒప్పుకున్నట్టు వచ్చింది. తెరమీద అతని పేరు, పక్కన అతను పెట్టుకునే సైకిల్ బొమ్మ. నాకు పులులు, అతనికి మేకలు. రెండు రోజుల్లో మూడు మేకలు పడ్డాయి. మూడూ అంచునే. నాకు కొంచెం తేడాగా అనిపించింది కానీ అంచున ఎవరైనా పెడతారు.

మూడో అంతస్తుకు ఒక పద్ధతి ఉంది. లోపలికి ఫోన్ తీసుకుపోకూడదు. బయట గార్డు దగ్గర లాకర్లో పెట్టి, టోకెన్ తీసుకుని పోవాలి. నేను రిపేరుకు పోయినా అంతే. గార్డు నర్సింగ్ అన్న నాకు పాత దోస్తు. మూడోరోజు పదకొండింటికి ఛాయ్ తీసుకుని అతని బల్ల దగ్గర కూర్చున్నాను. నా ఫోన్ బల్లమీద పెట్టాను, ఆట తెరిచి ఉంది. అద్దం తలుపులోంచి శ్రీకర్ కనిపిస్తున్నాడు. మీటింగులో ఉన్నాడు, రెండు చేతులతో ఏదో వివరిస్తున్నాడు. అతని ఫోన్ లాకర్లో ఉందని నర్సింగ్ అన్న రిజిస్టర్ చూసి చెప్పాడు.

అప్పుడే నా ఫోన్‌లో మేక పడింది. నాలుగో మేక. పులి నోటి ముందు.

నా రెండు చేతులూ ఛాయ్ గ్లాసు చుట్టూ ఉన్నాయి. ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. నర్సింగ్ అన్న కూడా చూశాడు. "ఏందిర గిది, సారు లోపలనే ఉన్నడు గదా?" అన్నాడు.

నిజం చెబుతాను, నాకు అప్పుడు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. మా అమ్మ కిటుకు ఇతని చేతికి ఎట్లా పోయింది? మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరి ముందూ నిలదీశాను.

"శ్రీకర్ సారూ, ఫోనేమో లాకర్ల, నువ్వేమో మీటింగుల. మరి మేక ఎట్ల నడిచింది? కంప్యూటర్‌కు అప్పజెప్పినవా?"

"ఏ మేకన్నా?" అన్నాడు.

"నాటకాలు జెయ్యకు. మనం ఆడుతున్న ఆట."

"మనం ఆటే మొదలు పెట్లేదు కదన్నా. నువ్వు పిలుస్తావని చూస్తాండా."

పదిమందిమి మూడో అంతస్తుకు పోయాం. శ్రీకర్ టోకెన్ ఇచ్చి లాకర్ తీయించాడు. ఫోన్ ఆగిపోయి ఉంది. పొద్దున బస్సులోనే ఛార్జింగ్ అయిపోయిందట. అక్కడే నర్సింగ్ అన్న ఛార్జర్‌కు పెట్టి తెరిచాం. అందులో నాతో ఆట లేదు. నేను పంపిన పిలుపు కూడా లేదు. నా ఫోన్ పక్కన పెట్టి చూశాం. నా తెరమీద అతని పేరు, సైకిల్ బొమ్మ, నాలుగు మేకలు.

వెనక నుంచి ఎవరో, "ఉస్తాద్, ఏసీ గ్యాస్ గిట్ల పీల్చినవా?" అన్నారు. అందరూ నవ్వారు. శ్రీకర్ ఒక్కడే నవ్వలేదు. దానికి కూడా నాకు కుళ్ళే.

సాయంత్రం రైల్లో నిలబడి ఆ మేకను తినేశాను. తినకూడదని తెలుసు. ఎదుటివాడికి ఆ కిటుకు పూర్తిగా వచ్చో రాదో చూద్దామనుకున్నాను. బోరబండలో దిగేలోగా జవాబు పడింది. పులి మూలలో ఇరుక్కుంది. అక్కడినుంచి నేను ఎక్కడైతే పెట్టేవాణ్ణో సరిగ్గా అక్కడే పడుతూ వచ్చాయి మేకలు. కొన్నిసార్లు నేను అనుకునేలోపే. నాలుగోరోజుకు నా మూడు పులులకూ కదిలే దారి లేదు. ఓడిపోయాను. నా జీవితంలో నేను చూసిన ఆటల్లో అంత చక్కటి ఆట ఇంకోటి లేదు.

ఆ యాప్ వాళ్ళకు ఫిర్యాదు చేయాలి. నాకు ఇంగ్లీషు రాదు. రాసిపెట్టింది ఎవరనుకుంటున్నారు? శ్రీకరే. తనమీద ఫిర్యాదును తనే, ఒక్క ముక్క తగ్గించకుండా. వారం తర్వాత జవాబు వస్తే, దాన్ని చదివి చెప్పిందీ అతనే. మెట్లమీద పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నా, ఆ ఆటలో నా అకౌంటే లేదంట. పులులవీ, మేకలవీ, రెండు పక్కలా ఎత్తులు నీ ఫోన్ నుంచే పడినాయంట."

నేను చేతిలో ఉన్న ఫోన్‌ను జేబులో పెట్టేశాను.

"ఎవురికీ చెప్పన్లేన్నా" అన్నాడు. చెప్పలేదు కూడా. మంచితనంలోనూ నామీద అతనే గెలిచాడు.

ఇందులో నాకు తెలిసింది ఇంతే. ఆ ఫోన్ నాదే, లాక్ నాకే తెలుసు. నిద్రలో ఆడి ఉంటాననుకుందామంటే, నాలుగో మేక పట్టపగలు పడింది, నా చేతుల్లో ఛాయ్ ఉంది, నర్సింగ్ అన్న సాక్షి. ఇప్పుడు అడిగినా అదే చెబుతాడు. ఫోన్ చెడిపోయిందంటే, చెడిపోయిన ఫోన్‌కు మా అమ్మ కిటుకు ఎవరు చెప్పారు? నాకు అంతు చిక్కలేదు. ఇప్పటికీ ఛాయ్ మొదటి గ్లాసు శ్రీకర్‌కే పోతుంది. దానికి అలవాటు పడ్డాను. అలవాటు పడనిది ఒకటే. అమ్మ ఆ ఆటను నాకన్నా బాగా ఇంకెవరికో నేర్పిందేమోనన్న ఆలోచన. ఆ ఎవరో మీద నాకు ఇంకా కుళ్ళే.

ఈ సంగతంతా ఒక ఆదివారం సుజాతకు చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ మొత్తం విన్నది. భయపడుతుందేమోనని, అది దయ్యమే అయినా మనల్ని ఏమీ చేయదులే అన్నాను. చాట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"నిన్ను నువ్వు ఓడగొట్టుకునుడుకు దయ్యం దేనికయ్యా? పెండ్లైనకాంచి చూస్తున్న, ఆ పని ఒక్కటే నువ్వు ఎవ్వల సాయం లేకుంట చేస్తవ్."